చెరువుగట్టుకు తగిన చేతిదీపము

భీమవరం నుండి ఆకివీడు వైపు రాత్రిపూట రైలులో ప్రయాణం చేసినవారికి ఒక దృశ్యం పరిచితమే. ఉండి స్టేషను దాటిన తరువాత ఇరువైపులా చీకటిలో నీరు మెరుస్తూ ఉంటుంది. ఆ నీటి నడుమ, గట్ల మీద, ఒక్కొక్కచోట ఒక్కొక్క చిన్న వెలుగు కొంతదూరం కదలి, ఆగి, మరల కదులుతుంది. అది చేపలచెరువుకో, రొయ్యలచెరువుకో కాపలా ఉన్న మనిషి చేతిలోని టార్చిలైటు. కైకలూరు మొదలు ఏలూరు వరకు, ఇటు ఉండి, భీమవరం ప్రాంతాలలోను, ఈ వెలుగులు లేని రాత్రి లేదు.

ఒకప్పుడు ఆ చేతిలో హరికేను లాంతరు ఉండేది. తరువాత రెండు, మూడు లావుపాటి బ్యాటరీలు పట్టే లోహపు గొట్టపు టార్చి వచ్చింది. ఇప్పుడు బజారులో రెండు మూడు వందల రూపాయలకే దొరికే జూమ్ టార్చి వచ్చింది. దాని తల ముందుకు లాగితే వెలుగు సన్నని కట్టగా మారి దూరానికి పోతుంది. వెనుకకు నొక్కితే విశాలమైన వలయంగా పరచుకొంటుంది. ఒకే దీపంతో దగ్గర, దూరం రెండూ చూడవచ్చునన్నది దాని ఆకర్షణ. ఆ మాట ఎంతవరకు నిజం? పెట్టెమీద అచ్చువేసిన పెద్దపెద్ద అంకెలను ఎట్లు అర్థం చేసికొనవలెను? చౌకలో దొరికేవాటిలో మేలైనదానిని ఎట్లు గుర్తించవలెను? ఈ ప్రసంగంలో విచారించదలచినది ఇదే.

ముందుగా, చెరువుగట్టున రాత్రివేళ వెలుగుతో ఏమి పని ఉన్నదో చూద్దాము. పగటివేళ నీటిలోని సూక్ష్మమైన మొక్కలు సూర్యరశ్మి సహాయంతో ప్రాణవాయువును విడుస్తాయి. సూర్యుడు అస్తమించిన తరువాత ఆ పని నిలిచిపోతుంది. అప్పుడు ఆ మొక్కలు కూడ చేపలతో, రొయ్యలతో పాటు నీటిలోని ప్రాణవాయువును వాడుకొనేవే అవుతాయి. అందువలన నీటిలో కరగిన ప్రాణవాయువు గంటగంటకు తగ్గుతూ, తెల్లవారుజామున కనిష్ఠస్థితికి దిగుతుంది. ఆ సమయంలో చేపలు పైకి వచ్చి నీటి అంచున నోళ్ళు తెరుస్తాయి. రొయ్యలు గట్టుదరికి చేరుతాయి. టార్చి వేస్తే వాటి కళ్ళు నిప్పుకణికల వలె ఎర్రగా మెరుస్తాయి. కాపలామనిషి ఆ గుర్తును సకాలంలో చూచి ఏరియేటర్లను తిప్పవలెను. కరెంటు పోయినచో జనరేటరు దగ్గరకు పరుగెత్తవలెను. ఆలస్యమైనచో నెలల తరబడి పెట్టిన మేత, చేసిన అప్పు ఒక్క తెల్లవారుజామున నీటిలో కలిసిపోతాయి.

ఇక రెండవ పని ఆ మనిషి తన ప్రాణం కాపాడుకొనుట. గట్లమీద గడ్డి ఉంటుంది, ఎలుకల బొరియలు ఉంటాయి, వాటి వెంట పాములు ఉంటాయి. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి మూడూ మన జిల్లాలలో ఉన్నవే. కట్లపాము రాత్రివేళ సంచరించేది. దాని కాటు తరచు పెద్ద నొప్పి కలిగించదు. కనుక కరచిన సంగతి తెలియుటకే ఆలస్యం కావచ్చును. జనరేటరు వైపు పరుగెత్తే మనిషికి కావలసిన వెలుగు చెరువు అవతలి గట్టుమీద కాదు, తన కాలిముందు నాలుగు బారల నేలమీద.

ఈ రెండు పనులకు రెండు విధాల వెలుగు కావలెను: ఒకటి దూరానికి, ఒకటి దగ్గరకు. జూమ్ టార్చి రెండింటిని ఇస్తుంది. కాని రెండింటిని ఒకేసారి ఇవ్వదు. దీనికి కారణం తెలియవలెనంటే దాని లోపలి నిర్మాణం కొంచెం చూడవలెను.

పాత టార్చిలో చిన్న బల్బు, దాని చుట్టూ గిన్నెవంటి మెరుగుపెట్టిన అద్దం ఉండేవి. బల్బులో సన్నని తీగ కాగి, తెల్లబడి, వెలుగు నిచ్చేది. వాడిన శక్తిలో అధికభాగం వేడిగా వ్యర్థమయ్యేది. నేటి టార్చిలో తీగ లేదు. దాని స్థానంలో ఎల్.ఇ.డి. అనే అర్ధవాహకపు ముక్క ఉన్నది. దీనిలో విద్యుత్తు ప్రవహించినప్పుడు నేరుగా వెలుగు పుడుతుంది. ఎరుపు ఎల్.ఇ.డి. 1962లోనే వచ్చినప్పటికిని, నీలిరంగు వెలుగును సమర్థంగా ఇచ్చేదానిని తయారుచేయుటకు మరి 30 సంవత్సరాలు పట్టినది. ఆ పని సాధించినందుకు ఇసాము అకాసాకి, హిరోషి అమానో, షూజీ నకమురా అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2014లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించినది. నీలివెలుగు నిచ్చే ముక్కపై పసుపువెలుగు నిచ్చే పొడి పూత పూసినచో, రెండు వెలుగులు కలిసి కంటికి తెల్లగా కనబడతాయి. మనం వాడే టార్చిలలో సాధారణంగా ఉన్నది ఇటువంటిదే.

జూమ్ టార్చిలో గిన్నె అద్దానికి బదులు ముందుభాగాన ఉబ్బెత్తు లెన్సు ఉంటుంది. తల ముందుకు లాగినప్పుడు ఎల్.ఇ.డి. సరిగా ఆ లెన్సు నాభివద్దకు వస్తుంది. నాభినుండి బయలుదేరిన కిరణాలు లెన్సు దాటి దాదాపు సమాంతరంగా సాగుతాయి. కనుకనే దూరపు గోడమీద చతురస్రాకారంలో చిన్న వెలుగుమచ్చ పడుతుంది. అది వాస్తవానికి ఎల్.ఇ.డి. ముక్క యొక్క ప్రతిబింబమే. తల వెనుకకు నొక్కినప్పుడు ఎల్.ఇ.డి. నాభికి లోపలికి, అనగా లెన్సుకు దగ్గరగా వస్తుంది. కిరణాలు విచ్చుకొని పెద్ద వలయమవుతాయి.

ఇక్కడ గమనించవలసిన ముఖ్యవిషయం ఒకటి ఉన్నది. లెన్సు వెలుగును పుట్టించదు. తనమీద పడినదానిని మాత్రమే మళ్ళిస్తుంది. ఎల్.ఇ.డి. తన ఎదుట ఉన్న అర్ధగోళమంతటికి వెలుగు చిమ్ముతుంది. లెన్సు దూరమైనకొద్దీ దానిమీద పడే భాగం తగ్గుతుంది. మిగిలినది గొట్టం లోపలి గోడలకు తగిలి వృథా అవుతుంది. ఒక ఉదాహరణ తీసికొందాము. లెన్సు వ్యాసం 28 మిల్లీమీటర్లు. తల లోపలికి నొక్కి ఉన్నప్పుడు లెన్సుకు ఎల్.ఇ.డి.కి మధ్య 7 మిల్లీమీటర్ల దూరం ఉన్నదనుకొందాము. లెక్క వేసినచో పుట్టిన వెలుగులో సుమారు 80 శాతం లెన్సు మీద పడుతుంది. తల లాగి ఆ దూరాన్ని 20 మిల్లీమీటర్లు చేసినచో లెన్సు మీద పడేది 33 శాతం మాత్రమే. వెలుగుమచ్చ చిన్నది కనుక కంటికి మిరుమిట్లు గొలుపుతుంది. కాని బ్యాటరీ నుండి తీసికొన్న శక్తి ఎప్పటివలెనే ఖర్చవుతున్నది, బయటకు వచ్చే మొత్తం వెలుగు సగానికంటె తగ్గినది.

దీనిని ఇంటిలోనే పరీక్షించవచ్చును. గది చీకటి చేసి, టార్చిని బల్లమీద నిలబెట్టి, వెలుగును పైకప్పు మీద పడనిచ్చి, ఆ గదిలో వార్తాపత్రిక చదివి చూడండి. తల నొక్కి ఉన్నప్పుడు గది ఎంత వెలుగుగా ఉన్నదో చూచి, తరువాత తల లాగండి. పైకప్పు మీది మచ్చ తీక్షణమవుతుంది. పత్రికలోని అక్షరాలు మాత్రం మసకబారుతాయి. దుకాణంలో ఎదుటి కొబ్బరిచెట్టు మొవ్వు మీదికి వెలుగు వేసి చూపినప్పుడు మనకు తెలియని సంగతి ఇదే.

గిన్నె అద్దం ఉన్న టార్చి ఇందుకు భిన్నమైనది. అద్దానికి తగిలిన వెలుగు ఒక కట్టగా దూరానికి పోతుంది. అద్దానికి తగలక నేరుగా ముందుకు వచ్చిన వెలుగు, ఆ కట్ట చుట్టూ పలుచగా పరచుకొంటుంది. అందువలన చెరువువైపు వెలుగు వేసినప్పుడు కూడ కాలిదగ్గర కొంత కనబడుతూనే ఉంటుంది. జూమ్ టార్చి వెలుగుకు ఆ అంచు లేదు. వలయం లోపల పట్టపగలు, బయట కటికచీకటి. దూరానికి సవరించిన జూమ్ టార్చితో గట్టుమీద నడచే మనిషి కాళ్ళను చీకటిలో వదలి కళ్ళను మాత్రమే ముందుకు పంపుతున్నాడన్నమాట.

ఇక పెట్టెమీది అంకెలు. టార్చినుండి వెలువడే మొత్తం వెలుగును ల్యూమెన్లలో చెబుతారు. వెనుకటి ఇళ్ళలో వాడిన 60 వాట్ల తీగబల్బు సుమారు 700 ల్యూమెన్ల వెలుగు ఇచ్చేది. మంచి ఎల్.ఇ.డి. ఒక వాట్టు శక్తికి సుమారు 100 ల్యూమెన్లు ఇస్తుందని లెక్కకు తీసికొనవచ్చును. ఇప్పుడు బ్యాటరీని చూడండి. జూమ్ టార్చిలలో ఎక్కువగా వాడే లిథియం బ్యాటరీకి 18650 అని పేరు. 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు అని దాని భావం. దాని వోల్టేజి సగటున 3.7. సామాన్యమైన మంచి బ్యాటరీలో 2,000 మిల్లీ ఆంపియర్ గంటల విద్యుత్తు ఉన్నదనుకొన్నచో, దానిలోని శక్తి 7.4 వాట్ గంటలు. 100 ల్యూమెన్ల వెలుగుకు ఒక వాట్టు చొప్పున అది సుమారు 7 గంటలు వస్తుంది. 300 ల్యూమెన్లు కోరినచో రెండున్నర గంటలు. పెట్టెమీద 10,000 ల్యూమెన్లు అని ఉన్నదనుకోండి. అందుకు 100 వాట్లు కావలెను. ఈ బ్యాటరీ నాలుగైదు నిమిషాలలో ఖాళీ కావలెను. చేతిలోని గొట్టం పట్టుకొనుటకు వీలులేనంతగా కాలవలెను. అట్లు జరుగుట లేదు కనుక ఆ అంకె అబద్ధమని తేలుతున్నది.

బ్యాటరీ మీది అంకెలకు కూడ ఇదే విచారణ వర్తిస్తుంది. ఈ పరిమాణపు బ్యాటరీలలో శ్రేష్ఠమైనవి సైతం 3,500 మిల్లీ ఆంపియర్ గంటలకు ఇటుఅటుగా మాత్రమే నిలువచేస్తాయి. కాగితంపై 6,000 అనియో, 9,900 అనియో ఉన్నచో దానిని నమ్మవలసిన పని లేదు. చిన్న త్రాసు ఉన్నచో తూచి చూడండి. మంచి 18650 బ్యాటరీ సుమారు 45 గ్రాములు తూగుతుంది. చాల తేలికగా ఉన్నచో లోపల సరుకు తక్కువని గ్రహించవచ్చును. మన దేశంలో ఇటువంటి బ్యాటరీలకు భారత ప్రమాణాల సంస్థ వద్ద నమోదు తప్పనిసరి. ఐ.ఎస్. 16046 అనే గుర్తును, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదుసంఖ్యను వెదకి చూడవలెను.

మూడవ అంకె దూరము. 2009లో అమెరికాలో ఎఫ్.ఎల్.1 అనే పేరుతో టార్చిలకు ఒక కొలపద్ధతి ఏర్పడినది. ఆ పద్ధతి ప్రకారం, వెలుగు నిండుపున్నమి వెన్నెలంతకు తగ్గే చోటు ఎంతదూరమో అదే టార్చి దూరము. అనగా 200 మీటర్లు అని వ్రాసినచో, 200 మీటర్ల వద్ద వెన్నెలలో కనబడినంతే కనబడుతుందని అర్థం. చేప నోరు తెరచినదో లేదో అక్కడ కనబడదు. పైగా దూరం రెట్టింపు కావలెనంటే వెలుగు తీక్షణత నాలుగు రెట్లు కావలెను. ఇంతకు మనకు కావలసినది ఎంతదూరం? చతురస్రంగా ఉన్న ఎకరం చెరువు ఒక్కొక్క వైపు 64 మీటర్లు. రెండున్నర ఎకరాలది 100 మీటర్లు. పది ఎకరాలది 200 మీటర్లు. చిన్న రొయ్యలచెరువు రైతుకు కిలోమీటరు దూరం వేసే టార్చి కొనవలసిన అవసరమే లేదు. పెద్ద చేపలచెరువు రైతు ఎంత టార్చి కొన్నను గట్టువెంట నడచి చూడక తప్పదు.

చౌకరకాలు బజారులో ముఖ్యంగా మూడు విధాలుగా ఉన్నవి. మొదటిది మూడు సన్నని పెన్సిలు బ్యాటరీలు పట్టే చిన్న జూమ్ టార్చి. జేబులో పట్టుతుంది, ఏ ఊరి దుకాణంలోనైనను బ్యాటరీ దొరుకుతుంది. కాని కొత్త బ్యాటరీ వేసిన గంటలోనే వెలుగు తగ్గుట మొదలుపెడుతుంది. ప్రతిరాత్రి వాడేవారికి బ్యాటరీల ఖర్చు టార్చి ధరను త్వరలోనే మించుతుంది. ఇంటిలో అత్యవసరానికి ఇది చాలును, కాపలాకు చాలదు.

రెండవది ప్లాస్టిక్ ఒంటితో, లోపలనే సీసపు బ్యాటరీతో, నేరుగా గోడ ప్లగ్గులో పెట్టి ఛార్జి చేసే టార్చి. ఇది చాలవరకు గిన్నె అద్దం రకము. వెలుగు అంచు మెత్తగా పరచుకొంటుంది. చేతికి పెద్దపట్టు ఉంటుంది. దీని లోపం బ్యాటరీలోనే ఉన్నది. సీసపు బ్యాటరీని ఖాళీగా వదలిపెట్టినచో దాని పలకలపై గట్టిపొర కట్టి, తిరిగి ఛార్జి పట్టదు. వాడినను వాడకున్నను నెలకొకసారి నింపవలెను.

మూడవది 18650 లిథియం బ్యాటరీ గల అల్యూమినియం జూమ్ టార్చి. బరువుకు తగినట్లు ఎక్కువ శక్తి, ఎక్కువ వెలుగు ఇచ్చేది ఇదే. దీనిలోనే మంచిచెడుల వ్యత్యాసం కూడ ఎక్కువ. బ్యాటరీని బయటకు తీసి మార్చుకొనుటకు వీలుండవలెను. కొంతసేపు పూర్తివెలుగుతో ఉంచినప్పుడు తల వెచ్చబడవలెను; ఎల్.ఇ.డి. వేడి లోహంలోకి దిగి బయటకు పోతున్నదనుటకు అది గుర్తు. మీట నొక్కిన ప్రతిసారి మినుకుమినుకుమని కొట్టుకొనే వెలుగులు నాలుగు రకాలు వచ్చేదానికంటె, పెద్దవెలుగు చిన్నవెలుగు అని రెండే ఉన్నది గట్టుమీద మేలు. పరుగెత్తే మనిషికి ఒక్క నొక్కుతో దీపం వెలగవలెను.

ఈ మూడింటితో పాటు నుదుటికి కట్టుకొను దీపము కూడ నేడు చౌకగా దొరుకుతున్నది. మేత తట్ట ఎత్తి చూచుటకు, జనరేటరు త్రిప్పుటకు రెండు చేతులు ఖాళీగా ఉండవలెను. తల ఎటు తిరిగితే వెలుగు అటు పడుతుంది కనుక ఈ పనులకు దీనిని మించినది లేదు.

జూమ్ టార్చికి మన ప్రాంతంలో ప్రధానశత్రువు నీరు. తల ముందుకు వెనుకకు జారవలెను కనుక అక్కడ ఒక రబ్బరు చుట్టు మాత్రమే అడ్డుగా ఉంటుంది. తల లాగిన ప్రతిసారి అది సైకిలు పంపు వలె బయటిగాలిని లోపలికి పీల్చుకొంటుంది. ఆ గాలితోపాటు తేమ వెళ్ళి లెన్సు లోపలివైపు మంచు పట్టిస్తుంది. ఐ.పి.ఎక్స్.4 అని ఉన్నచో తుంపరలకు ఓర్చునని, ఐ.పి.ఎక్స్.7 అని ఉన్నచో మీటరు లోతు నీటిలో అరగంట ఓర్చునని అర్థం. చౌకరకపు జూమ్ టార్చి మీద రెండవ గుర్తు ఉన్నచో నమ్మకముందు పరీక్షించుట మంచిది. బ్యాటరీ తీసివేసి, లోపల పొడికాగితం చుట్టిపెట్టి, బిగించి, చెంబుతో నీరు పోసి, తుడిచి, విప్పి చూడండి. కాగితం తడిసినచో వానకాలానికి ఆ టార్చి పనికిరాదు. ఉప్పునీటి చెరువులవద్ద వాడేవారు ఉదయాన మంచినీటితో తడిపిన గుడ్డతో పైభాగం తుడిచి, ఆరబెట్టవలెను. లేనిచో మరలు, స్ప్రింగు తుప్పుపడతాయి.

కొన్న తరువాత వాడుటలో కూడ కొంత నేర్పు కావలెను. నీటి లోపలికి చూడదలచినప్పుడు వెలుగును ఏటవాలుగా దూరంనుండి వేయరాదు. అట్లు వేసిన వెలుగులో చాలభాగం నీటిపైనుండి అద్దంమీద వలె జారిపోతుంది. నిటారుగా పై నుండి వేసినచో సుమారు 2 శాతం మాత్రమే వెనుకకు మళ్ళుతుంది, మిగిలినది నీటిలోకి దిగుతుంది. పొగమంచు వేళ టార్చిని కంటి ఎత్తున కాక నడుము క్రింద పట్టుకొన్నచో ఎదుటి తెల్లదనం కళ్ళను అంతగా కప్పదు. దారిన వచ్చే వాహనాల వారి కళ్ళలో సన్నకట్ట వెలుగు వేయరాదు. అట్లే కొల్లేరు 1999లో అభయారణ్యంగా ప్రకటింపబడిన సరస్సు. ఆటపాక వంటి చోట్ల చెట్లమీద గూళ్ళు కట్టుకొన్న గూడబాతుల మీదికి వేడుకకై వెలుగు వేయుట తగదు. లిథియం బ్యాటరీ ఉబ్బినచో, తడిసినచో తిరిగి ఛార్జి చేయరాదు. నిద్రపోవు మంచం ప్రక్కన రాత్రంతా ఛార్జిలో ఉంచరాదు.

కనుక చౌకలో జూమ్ టార్చి కొనదలచినవారు దుకాణంలో మొదట తలను పూర్తిగా లోపలికి నొక్కి, వెలుగును నేలమీద వేసి చూడవలెను. వలయమంతా సమంగా ఉన్నదా, మధ్యలో నల్లని నీడ ఉన్నదా, అడుగుముందు గడ్డిపరక స్పష్టంగా కనబడుతున్నదా అని గమనించవలెను. తరువాతనే కొబ్బరిచెట్టు. ఇంటికి తెచ్చిన మొదటిరాత్రి దానిని నిండుగా ఛార్జి చేసి, వెలిగించి, అరగంటకొకసారి చూచి, ఎప్పుడు మసకబారినదో వ్రాసిపెట్టుకొనవలెను. ఆ చీటీలో ఉన్నదే మీ టార్చి యొక్క నిజమైన అంకె. స్తోమత ఉన్నచో నడకకు నుదుటిదీపము, చూపుకు జూమ్ టార్చి రెండూ ఉంచుకొనుట ఉత్తమం. ఒకటే ఉన్నచో, నిలబడి చూచునప్పుడు మాత్రమే తలను లాగి, అడుగు వేయుటకు ముందు మరల లోపలికి నొక్కవలెను. ఇంటిలోనుండి చెరువుకు కాపలా పంపే ప్రతి కుటుంబమువారు తమ మనిషికి టార్చితోపాటు ఈ ఒక్క అలవాటు కూడ చేతికిచ్చి పంపవలెనని కోరుచున్నాను.